ఒడంబడికలో చోటు లేని రోగి

లోకమున ఏ ఒడంబడికయైనను ఇరుపక్షముల సమ్మతిపై నిలుచును. అమ్మువాడు ధర చెప్పును; కొనువాడు బేరమాడును; సరిపడినచో సరకు చేతులు మాఱును, సరిపడకున్న ఎవరి త్రోవను వారు పోవుదురు. ఈ సామాన్య ధర్మమునకు విరుద్ధమైన ఒడంబడిక యొకటి నేడు మన దేశమున కోట్లకొలది జనుల ధనమునకును ప్రాణమునకును సంబంధించి నడచుచున్నది. అది ఆరోగ్య బీమా కంపెనీలకును ప్రైవేటు ఆసుపత్రులకును జరుగు ఒప్పందము. అందు చెల్లింపబడు సొమ్ము పాలసీదారుది. కోతకు గురియగు శరీరము రోగిది. ఒప్పందము చెడినయెడల నడివీథిన నిలుచువాడును రోగియే. అందు సంతకము మాత్రము అతనిది కాదు. ఆ పత్రమున నేమి వ్రాసికొనిరో చూచు అవకాశము సైతము అతనికి లేదు. ఈ విషయమున దేశము ఇంతకాలము ఉదాసీనముగా నుండుట తగదని మా అభిప్రాయము.

మన పట్టణములలో ఏ పెద్ద ప్రైవేటు ఆసుపత్రికైనను పోయి, రోగులు ఇంటికి పోవు దినమున బిల్లుల కిటికీ యొద్ద ఒక పూట నిలిచి చూడుడు. ఉదయము పది గంటలకు వైద్యుడు ‘ఇంక మీరు వెళ్లవచ్చు’నని చెప్పిపోయినాడు. గుడ్డలు మూట గట్టిరి, బండి కుదుర్చుకొనిరి. మధ్యాహ్నమగును, సాయంకాలమగును, కదలిక లేదు. ‘కంపెనీనుండి అనుమతి రాలేదు’ అని కిటికీలోని గుమాస్తా చెప్పును. కంపెనీకి టెలిఫోను చేసినచో ‘ఆసుపత్రివారు కాగితములు పంపలేదు’ అని జవాబు వచ్చును. చీకటి పడిన పిమ్మట అనుమతి వచ్చును. దానితో కూడ ఇంత సొమ్ము కోతపడినది, దానిని మీరే కట్టవలయునన్న వార్తయు వచ్చును. ఏల కోసిరని అడిగిన, ‘అది మాకును ఆసుపత్రికిని గల ఒప్పందము’ అని ఒకరు, ‘అది మీ పాలసీ షరతు’ అని మఱొకరు చెప్పుదురు. ఏండ్ల తరబడి తప్పక ప్రీమియము కట్టిన గృహస్థుడు ఆ రాత్రి భార్య చేతి గాజులవైపు చూచును. ఇది ఏ యొక్క ఆసుపత్రి దోషమో, ఏ యొక్క కంపెనీ దోషమో కాదు. పద్ధతియే అట్టిది.

ఆ పద్ధతి ఎట్టిదో కొంత వివరింతుము. బీమా కంపెనీ తాను ఎన్నుకొనిన ఆసుపత్రులతో ఒప్పందము చేసికొని వానిని తన జాబితాలో చేర్చుకొనును. దీనినే వాడుకలో నెట్‌వర్కు అందురు. ఏ చికిత్సకు ఎంత, ఏ గదికి ఎంత, ఏ పరీక్షకు ఎంత, మొత్తముపై ఎంత తగ్గింపు అనునవి అందు వ్రాసికొందురు. కొన్ని శస్త్రచికిత్సలకు గది, వైద్యుడు, మందులు అన్నియు కలిపి ఒకే మొత్తము నిర్ణయింతురు, ఇది ప్యాకేజి. రోగి చేరగనే ఆసుపత్రి కంపెనీకి వర్తమానమంపి ముందస్తు అనుమతి పొందవలెను. పెక్కుచోట్ల ఈ నడుమ టీపీఏ యను మధ్యవర్తి సంస్థ యుండి కాగితములు పరీక్షించును. చికిత్స ముగిసిన వెనుక కంపెనీ వైద్యులు బిల్లును విమర్శించి, అనవసరమని తోచినవానిని కొట్టివేయుదురు. మోసము కనబడినచో ఆసుపత్రిని జాబితానుండి తొలగింతురు. ఈ పర్యవేక్షణ యంతయు కంపెనీ తన ధనమును కాపాడుకొనుటకై చేయునదే. అది తప్పని మేము అనము. కాని ధనమును కాపాడు కన్ను రోగిని గూడ కాపాడునని నమ్ముట పొరబాటు.

ఈ స్థితి ఒక్కనాట వచ్చినది కాదు. 1972 నాటి శాసనముచే దేశమందలి 107 సామాన్య బీమా కంపెనీలు జాతీయము చేయబడి, 1973 మొదలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా నడచినవి. ఆ నాలుగును 1986లో మెడిక్లెయిము అను పాలసీని తెచ్చినవి. ఆనాడు రోగి తానే బిల్లు కట్టి, పిదప రసీదులు చూపి సొమ్ము రాబట్టుకొనెడివాడు. అందు కష్టమున్నను ఒక మేలుండెను: ఆసుపత్రితో బేరము రోగిదే. 1999లో బీమా వ్యాపారము ప్రైవేటువారికి తెఱవబడెను. 2001లో టీపీఏలకు నియమావళి ఏర్పడెను. నగదురహిత చికిత్స వ్యాపించెను. చేతిలో సొమ్ము లేకున్నను ఆసుపత్రిలో చేరవచ్చునన్న సౌకర్యము గొప్పదే. అయితే ఆ సౌకర్యమునకు ప్రతిఫలముగా రోగి తన బేరమాడు హక్కును తెలియకయే కంపెనీచేత బెట్టినాడు. విదేశపు పెట్టుబడికి మొదట నూటికి 26 వంతులు మాత్రమే అనుమతించిన శాసనము, 2015లో 49 వంతులకును, 2021లో 74 వంతులకును సడలింపబడెను. ఆసుపత్రుల వైపును అట్లే. హైదరాబాదున పుట్టి పెరిగిన పెద్ద ఆసుపత్రుల సమూహ మొకటి 2023లో అమెరికా పెట్టుబడి సంస్థ వశమైనది. బల్లకు ఇరుప్రక్కల కూర్చున్నవారికి వాటాదారులున్నారు. బల్లపై పరుండిన రోగికి ఎవరున్నారు?

కంపెనీల మొఱ యేమి? ఆసుపత్రులు బీమా గలవానిని చూడగనే బిల్లు పెంచుచున్నవనియు, అక్కఱలేని పరీక్షలును కోతలును జరుపుచున్నవనియు. ఇది కేవలము అపవాదు కాదు. 2010 జూలైలో నాలుగు ప్రభుత్వ కంపెనీలును ఈ కారణమే చెప్పి, ఢిల్లీ, బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరములలోని పెక్కు పెద్ద ఆసుపత్రులలో నగదురహిత చికిత్సను నిలిపివేసినవి. ఇంతకన్న ఘోరమైనది మఱొకటి కలదు. పేదలకై కేంద్రము 2008లో ఆరంభించిన కుటుంబమునకు 30,000 రూపాయల బీమా సొమ్మునకు ఆశపడి, బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రములలో అక్కఱ లేకయే స్త్రీలకు గర్భసంచులు తీసివేసిరను ఆరోపణపై 2013లో సుప్రీముకోర్టులో వ్యాజ్యము దాఖలయ్యెను. ఇట్టి అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టుటకై కేంద్రము సిద్ధపఱచిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలు జరుపవలెనని 2023 ఏప్రిలులో ఆ న్యాయస్థానము రాష్ట్రములను ఆదేశించెను. డబ్బు చెల్లించువాడొకడు, శరీరము అప్పగించువాడు మఱొకడు అయినపుడు లోభమునకు ఎంతటి దారి ఏర్పడునో చూడుడు.

ఇక ఆసుపత్రుల మొఱ. కంపెనీలు ఏండ్లనాటి ధరలను పట్టుకొని వ్రేలాడుచున్నవనియు, చేసిన చికిత్సకు సైతము సొమ్ము కోయుచున్నవనియు, నెలల తరబడి చెల్లింపకున్నవనియు. ఇదియు అసత్యము కాదు. నియంత్రణ సంస్థ నివేదిక ప్రకారము 2023–24లో ఆరోగ్య బీమా క్లెయిముల మొత్తము సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయలు. అందు చెల్లింపబడినది సుమారు 83 వేల కోట్లు, అనగా నూటికి 71 వంతులు. షరతుల పేర చెల్లదని కోసివేసినది 15,100 కోట్లు. పూర్తిగా త్రోసిపుచ్చినది మఱి పదివేల కోట్లకు పైబడినది. ఈ కోతలో న్యాయమైన దెంత, అన్యాయమైన దెంత అనునది బయటివాడు నిర్ణయింపజాలడు. ఏలయన, నిర్ణయించుటకు ఆధారమైన ఒప్పందములు బయటివాని కంటబడవు.

కోతలలో ఒక్కదానిని ఉదాహరింతుము. దినమునకు 3,000 రూపాయల గది వఱకే పాలసీ అనుమతించెననుకొనుడు. ఆ గదులు ఖాళీ లేవని చెప్పి ఆసుపత్రివారు 6,000 రూపాయల గదిలో చేర్చిరి. అధికమైన 3,000 తాను కట్టుకొన్న చాలునని రోగి బంధువులు తలంతురు. కాని పెక్కు పాలసీలలో షరతు అట్లుండదు. గది అద్దె రెట్టింపైనచో వైద్యుని రుసుము, శస్త్రచికిత్సశాల రుసుము మున్నగువానిలోను సగమే చెల్లును. ఆ పద్దులు లక్ష రూపాయలైనచో ఏబదివేలు రోగిపై పడును. మందులకును, పరీక్షలకును, లోపల అమర్చు పరికరములకును ఈ కోత వర్తింపరాదని 2020లో నియమము వచ్చినది, మిగిలినదానికి వర్తించుచునేయున్నది. గదినిబట్టి శస్త్రవైద్యుని కత్తి విలువ మాఱునా? మాఱదు. గదిని బట్టి రుసుములు మాఱునట్లు పట్టిక వ్రాసినది ఆసుపత్రి, దానికి సమ్మతించినది కంపెనీ, ఫలమనుభవించునది రోగి.

ఎద్దులు రెండు కుమ్ములాడుకొనగా లేగదూడ కాళ్లు విరిగినవని మన పెద్దల సామెత. 2025 ఆగస్టులో ప్రైవేటు ఆసుపత్రుల సంఘ మొకటి, ధరల వివాదము కారణముగా ఒక పెద్ద బీమా కంపెనీ పాలసీదారులకు సెప్టెంబరు 1 మొదలు నగదురహిత చికిత్స నిలుపవలెనని ఉత్తర భారతమందలి తన సభ్యులకు సలహా నిచ్చెను. పిదప రాజీ కుదిరెను. మేలే. అయితే ఈ ఆసుపత్రి జాబితాలో నున్నదను నమ్మకముతో సంవత్సరమునకు సరిపడు ప్రీమియమును ముందే చెల్లించినవాని గతి ఆ దినములలో నేమి? అతనిని ఎవరడిగిరి? రాజీలో ఏమి జరిగినదని ఎవరు చెప్పిరి?

పర్యవేక్షించు ప్రభుత్వాధికారము లేదా యని చదువరులు అడుగవచ్చును. కలదు, అది సగమే. బీమా నియంత్రణాభివృద్ధి ప్రాధికార సంస్థ మన హైదరాబాదు నగరముననే నెలకొనియున్నది. 2024 మే నెలలో అది మంచి ఉత్తరువు నొకటి వెలువరించెను. నగదురహిత చికిత్సకై వచ్చిన విజ్ఞాపనపై గంటలోపున నిర్ణయము తెలుపవలెను. ఇంటికి పంపునపుడు తుది అనుమతి మూడు గంటలలో నీయవలెను. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అధికముగా వసూలు చేసినచో ఆ భారము కంపెనీ వాటాదారుల నిధినుండియే భరింపబడవలెను. కంపెనీలోని సమీక్షా సంఘము ఆమోదింపక ఏ క్లెయిమును త్రోసిపుచ్చరాదు. ఈ నియమములు అభినందనీయములు. కాని ఆ సంస్థ శాసనము కంపెనీ గుమ్మమువద్ద ఆగిపోవును. ఆసుపత్రి గుమ్మము దాటి లోనికి పోవు అధికారము దానికి లేదు. ఆసుపత్రి ఏ ధర వేసినది, ఏల వేసినది అని ప్రశ్నించుటకు అది అశక్తము.

ఆసుపత్రులకు వేఱు శాసనము లేకపోలేదు. 2010లో పార్లమెంటు వైద్యసంస్థల నమోదు, నియంత్రణ చట్టమును చేసినది. 2012 నాటి నియమావళిలో తొమ్మిదవ నియమము ప్రకారము ప్రతి వైద్యసంస్థయు తన ధరలను స్థానిక భాషయందును ఆంగ్లమునందును అందఱకు కనబడునట్లు ప్రదర్శింపవలెను. కేంద్రము రాష్ట్రములతో సంప్రదించి నిర్ణయించిన హద్దులలోనే వసూలు చేయవలెను. అయితే రాష్ట్రము స్వీకరించిననేగాని ఆ చట్టము అచట అమలు కాదు. ఆంధ్రప్రదేశమునకు 2002 నుండి వేఱు చట్టము కలదు. చట్టములకు కొదువ లేదు. ధరల హద్దులే నిర్ణయము కాలేదు. 2024 ఫిబ్రవరిలో ఈ విషయము సుప్రీముకోర్టు దృష్టికి రాగా, కంటి శుక్లపు శస్త్రచికిత్సకు సర్కారు ఆసుపత్రిలో కన్నొకటికి పదివేల వఱకు కాగా, ప్రైవేటు ఆసుపత్రులలో ముప్పదివేలనుండి లక్షా నలుబదివేల వఱకు పోవుచున్నదని వాదము వచ్చినది. పండ్రెండేండ్లనాటి నియమమును ఇంకను అమలు జరుపకుండుటను న్యాయస్థానము గట్టిగా ప్రశ్నించెను. ఒకే కన్ను, ఒకే శుక్లము, ఒకే గాజుబిళ్ల: ధర మాత్రము పదునాలుగు రెట్లు! ధర ఇట్లు ఊగిసలాడు బజారులో కంపెనీ ఎంత కోసినను అన్యాయమనవచ్చును, ఆసుపత్రి ఎంత వేసినను న్యాయమనవచ్చును.

ప్రభుత్వమే చెల్లింపుదారైనచో ఈ చిక్కులు తీఱునా? ఇందుకు మన తెలుగు దేశమే సాక్ష్యము. 2007 ఏప్రిలు 1వ తేదీన మహబూబ్‌నగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ తొలుత ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడచి, పిదప ప్రభుత్వ ట్రస్టు చేతికి వచ్చినది. గుండె కోతయన్న మాటకే గుండె పగులు పేదవాడు కార్పొరేటు ఆసుపత్రి మెట్లెక్కగలిగినాడు. అందు రెండు సద్గుణములు గలవు. చికిత్సల పట్టికయు ప్యాకేజి ధరయు బహిరంగములు. రోగికి త్రోవ చూపుటకు ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర యుండును. బీమా కంపెనీలు నేర్వవలసిన పాఠములివి. కాని ప్రభుత్వము నేర్వవలసిన పాఠమును కలదు. 2025లో ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను బకాయిలు చెల్లింపలేదని నెట్‌వర్కు ఆసుపత్రులు సేవలు నిలిపివేసినవి. ప్రభుత్వములు ఒక్కొక్క కుటుంబమునకు ఇన్ని లక్షలని పరిమితి పెంచుచు ప్రకటనలు చేయుచుండగా, చేసిన చికిత్సకు సొమ్ము రాలేదని ఆసుపత్రి తలుపు మూయుచున్నది. కాలమునకు చెల్లింపనివానికి పర్యవేక్షించు నైతికాధికారము లేదు. అప్పుపడినవాడు తనిఖీకి పోయినచో అతని మాట ఎవరు వినును?

ఇట్లు ప్రైవేటు కంపెనీ చేతిలో నున్నను, ప్రభుత్వము చేతిలో నున్నను లోపమొకటే: ధర నిర్ణయించుచోట రోగికి స్థానము లేదు. ఇది తప్పనిసరియా యన్నచో కాదు. ఆసియా ఖండముననే దృష్టాంతము గలదు. జపానుదేశము 1961లో తన ప్రజలందఱిని ఆరోగ్య బీమా క్రిందికి తెచ్చినది. అచటి ఆసుపత్రులలో అధికభాగము ప్రైవేటువే, కాని లాభము పంచుకొనరాదన్న నియమమునకు లోబడినవి. బీమా సంస్థలు పెక్కులున్నను చికిత్సల ధరల పట్టిక దేశమంతటికి ఒకటే. రెండేండ్ల కొకమాఱు దానిని సవరింతురు. ఆ సవరణను చర్చించు మండలిలో ఇరువదిమంది సభ్యులు: చెల్లించువారి పక్షమున ఏడుగురు, వైద్యుల పక్షమున ఏడుగురు, ప్రజాహితపక్షమున ఆరుగురు. ఈ ఆరుగురే మాకు ముఖ్యులు. మన దేశమున ఆ యాఱు పీఠములును లేవు. జపాను విధానమును యథాతథముగా మనము దిగుమతి చేసికొనవలెనని మేము చెప్పము. బల్లకు మూడవ ప్రక్క యున్నదన్న జ్ఞానము మాత్రము తెచ్చుకొనవలెను.

ధరలకు హద్దులు పెట్టినచో వైద్యము నాణ్యత చెడునని ఆసుపత్రుల పెద్దలు హెచ్చరింతురు. నాణ్యతకు తగిన ధర నిర్ణయింపవలెననుట న్యాయమే. పల్లెపట్టున ఒక ధర, నగరమున ఒక ధర యుండుటయు సమంజసమే. ధర మఱీ తగ్గించినచో ఆసుపత్రి రోగిని త్రోసిపుచ్చుననియు, లేదా కనబడని చోట పిండుకొననుననియు మేము ఎఱుగుదుము. కాని ఒక్కమాట. హద్దులు ఇప్పుడు మాత్రము లేవా? ప్రతి కంపెనీయు ప్రతి ఆసుపత్రితోను హద్దులు వ్రాసికొనుచునేయున్నది. భేదమంతయు ఒక్కటి: ఆ హద్దులు నేడు రహస్యముగా నున్నవి, మేము కోరునవి బహిరంగములు. బీమా గలవానికొక ధర, నగదు చెల్లించువానికొక ధర, పలుకుబడి గలవానికొక ధర నడచుచున్నపుడు నాణ్యత పేరు చెప్పుట సత్యమును కప్పిపుచ్చుటయే.

కావున మా కోరికలు స్పష్టముగా చెప్పుదుము. మొదటిది, ప్రతి ఆసుపత్రియు తన ధరలను తెలుగున పెద్ద అక్షరములతో గుమ్మమువద్ద వ్రేలాడదీయవలెను. రెండవది, బీమా కంపెనీ ఆసుపత్రితో చేసికొనిన ధరల పట్టికను పాలసీదారు అడిగినంతనే చూపవలెను. మూడవది, పాలసీ తీసికొన్ననాడు జాబితాలో నున్న ఆసుపత్రి ఆ సంవత్సరము ముగియువఱకు జాబితాలో నుండవలెను. మోసము ఋజువైనప్పుడు తప్ప నడుమ తొలగింపరాదు, ఆసుపత్రియు తొలగిపోరాదు. నాల్గవది, కోసిన ప్రతి రూపాయికి కారణమును, ఆ కారణము పాలసీ షరతో ఆసుపత్రితో ఒప్పందమో తెలుపుచు రోగికి లిఖితమూలకముగా నీయవలెను. ఒప్పందము మూలమున పడిన కోతను రోగిపై రుద్దరాదు. ఐదవది, ప్రతి రాష్ట్రమునను ధరలు నిర్ణయించుటకు చెల్లించువారు, వైద్యులు, ప్రజలు మువ్వురును సమముగా కూర్చుండు మండలి యేర్పడవలెను. ఆఱవది, ప్రభుత్వములు తమ బకాయిలను గడువులోపల చెల్లింపవలెను.

ఇవి వచ్చువఱకు పౌరులు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. పాలసీ కాగితమును మేలిరంగు కవరులోనుంచి బీరువాలో భద్రపఱచుట మన అలవాటు. దానిని వెలికి తీసి, గది అద్దె షరతు ఏమో, ఏ వ్యాధికి ఎన్నేండ్ల నిరీక్షణయో ఆరోగ్యముగా నున్ననాడే చదువవలెను. కోత పడినచో కారణమును వ్రాతమూలకముగా అడుగవలెను. కంపెనీ వినకున్న బీమా అంబుడ్స్‌మనుకు మొఱపెట్టుకొనవలెను. అచట విచారణకు రుసుము లేదు, న్యాయవాది అక్కఱలేదు. ఊరూర పఠనాలయములలో వారమున కొకనాడు ఈ కాగితములను చదివి చెప్పగల యువకు లిద్దఱు కూర్చుండినచో, అది ఎందఱకో అప్పులనుండి రక్షణ యగును.

ఆసుపత్రి లేనిదే రోగికి చికిత్స లేదు. బీమా లేనిదే సామాన్యునకు ఆసుపత్రి లేదు. ఆ రెండింటిని మేము శత్రువులుగా నెంచము. కాని రోగి లేనిదే ఆ రెండును లేవను సత్యమును వారు మఱచినారు. మఱచినవారికి జ్ఞప్తికి తెచ్చుట ప్రజల విధి. జ్ఞప్తికి తెచ్చినను విననివారిచే వినిపించుట ప్రభుత్వముల విధి. స్వరాజ్యమనగా మన పేర మఱొకరు సంతకము చేయకుండుట. మన శరీరమునకు సంబంధించిన ఒడంబడికయందైనను ఆ స్వరాజ్యము మనకు దక్కవలదా?